నల్ల గడ్డ, నరాల గడ్డ, మిశ్రమ గడ్డ: జంతువుల్లో ఏది వస్తే ఏ దారి పట్టాలి

పెంచుకునే జంతువు ఒంటి మీద గడ్డ చేతికి తగలగానే ఎవరికైనా టెన్షన్ మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట మెలనోమా అని, ఇంకోచోట నరాల ట్యూమర్ అని, మరోచోట మిక్స్‌డ్ ట్యూమర్ అని కనబడుతుంది, వీటిలో మనకు సంబంధించింది ఏదో తెలియక భయం రెట్టింపవుతుంది. అందుకే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను: చర్మానికి రంగునిచ్చే కణాల నుంచి పుట్టేవి, మెదడు నుంచి, నరాల నుంచి పుట్టేవి, రెండు మూడు రకాల కణజాలం కలిసి పెరిగే మిశ్రమ గడ్డలు. ఏది వస్తే ఏ పరీక్ష చేయించాలి, ఆపరేషనా, రేడియేషనా, మందులతో గడపడమా, కొన్నాళ్లు ఊరికే చూడటమా అన్నదే అసలు ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గడ్డ పేరు కన్నా అది ఏ జంతువుకు వచ్చింది, ఒంట్లో ఏ చోట వచ్చింది అన్నదాన్ని బట్టే మనం పట్టాల్సిన దారి ఎక్కువగా మారుతుంది. అదే కణం నుంచి పుట్టిన గడ్డ కుక్క వీపు మీద ఉంటే ఒక కథ, ఆ కుక్క పంటి చిగురు మీదే ఉంటే పూర్తిగా వేరే కథ.

రంగు కణాల గడ్డలు

మెలనిన్ అనే నల్లటి రంగును తయారుచేసే కణాలు మెలనోసైట్లు. వీటి నుంచి వచ్చే గడ్డ హాని చేయనిదైతే మెలనోసైటోమా అంటారు, ప్రాణాంతకమైనదైతే మెలనోమా అంటారు. కుక్కల్లో వెంట్రుకలున్న చర్మం మీద వచ్చేవి ఎక్కువ శాతం మొదటి రకమే, చుట్టూ కాస్త మంచి చర్మంతో కలిపి తీసేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. నోట్లోనూ పెదవి లోపలి వైపునా వచ్చేవి మాత్రం చాలావరకు ప్రాణాంతకమైనవే, గోరు మొదట్లో వచ్చేవాటినీ అదే అనుమానంతో చూడాలి. గోరు వాచి ఊడిపోతే దెబ్బ తగిలిందనుకుని కట్టు కట్టి వదిలేస్తుంటాం. ఒక్క గోరే పదేపదే అలా అవుతుంటే ఎక్స్‌రే తీయించండి, కింద ఎముక తినేసినట్టు కనబడితే బయాప్సీ (ముక్క తీసి చేసే కణజాల పరీక్ష) చేయించడంలో ఆలస్యం చేయొద్దు.

ఇక్కడ చాలామందిని దెబ్బతీసే నమ్మకం ఒకటుంది, నల్లగా ఉంటే ప్రమాదం, గులాబీ రంగులో ఉంటే పర్లేదు అని. కుక్కల నోటి మెలనోమాల్లో దాదాపు మూడో వంతుకు నల్ల రంగే ఉండదు. మా కుక్కకు పై చిగురు మీద గులాబీ రంగులో చిన్న ఉబ్బు వచ్చింది. పంటి ఇన్ఫెక్షన్ అనుకున్నాం, చూసిన డాక్టర్ గారు కూడా అలాగే అనుకున్నారు, యాంటీబయాటిక్‌లతో ఆరు వారాలు గడిచిపోయాయి. బయాప్సీ రిపోర్టులో మెలనోమా అని వచ్చేసరికి గడ్డ రెండు సెంటీమీటర్లు దాటేసింది.

ఆ రెండు సెంటీమీటర్ల గీతకు ఎంత విలువుందో అప్పుడే తెలిసింది. నోటి మెలనోమాలో గడ్డ 2 సెంటీమీటర్ల లోపుంటే మొదటి దశ, 2 నుంచి 4 మధ్య ఉంటే రెండోది, 4 దాటినా దగ్గరి లింఫ్ గ్రంథికి చేరినా మూడోది, ఊపిరితిత్తుల వంటి దూరపు చోటికి పాకితే నాలుగోది. ఆపరేషన్ ఒక్కటే చేసిన కుక్కల లెక్క చూస్తే మొదటి దశలో సుమారు ఏడాదిన్నర, రెండో దశలో ఐదారు నెలలు, మూడో దశలో మూడు నెలలు బతికినట్టు తేలింది. ఇవి మధ్యస్థ అంకెలే (సగం కుక్కలు అంతకన్నా ఎక్కువ, సగం తక్కువ బతికాయి), ఏ కుక్క ఎన్నాళ్లుంటుందో ఇవి చెప్పలేవు, కానీ ఆలస్యం ఎంత ఖరీదైనదో మాత్రం స్పష్టంగా చెబుతాయి.

నోటి మెలనోమాకు ఉన్న దారుల్లో నేను ముందు పెట్టేది ఆపరేషనే. దవడ ఎముకలో కొంత భాగం కూడా తీయాల్సి వస్తుందంటే అందరూ వెనకాడతారు, "అది ఎలా తింటుంది పాపం" అని. కుక్కలు ఆశ్చర్యంగా త్వరగానే అలవాటు పడి మళ్లీ తింటాయి, ముఖం కాస్త మారితే బాధపడేది మనమే. ఎముకను వదిలేసి పైపైన చెక్కేస్తే మాత్రం గడ్డ మళ్లీ అక్కడే లేస్తుంది. ఎముక తీయడం కుదరని చోట రేడియేషన్ మంచి దారి, వారానికోసారి పెద్ద డోసు చొప్పున కొన్ని సార్లు ఇస్తారు, చాలా గడ్డలు చిన్నవవుతాయి, నొప్పి తగ్గుతుంది. కీమో మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి, కార్బోప్లాటిన్ వాడతారు గానీ ఈ జబ్బు మీద అది పనిచేసేది కొద్దిగానే.

ఇక వ్యాక్సిన్. మనిషి టైరోసినేజ్ (మెలనిన్ తయారీకి కావాల్సిన ఎంజైమ్) జన్యువుతో చేసిన డీఎన్ఏ వ్యాక్సిన్‌కు అమెరికాలో 2007లో షరతులతో, 2010లో పూర్తిగా లైసెన్సు వచ్చింది. ఇది జబ్బు రాకుండా వేసేది కాదు, నోటిలోని గడ్డను ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో అదుపు చేశాక మిగిలిన కణాల మీదికి ఒంటి రక్షణ వ్యవస్థను ఉసిగొల్పడానికి వేసేది. ఎంత మేలు చేస్తుందన్న దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. నన్నడిగితే, గడ్డను సరిగ్గా తీయించడానికీ వ్యాక్సిన్‌కూ మధ్య ఒక్కటే ఎంచుకోగలిగితే మొదటిదే ఎంచుకోవాలి.

ఏ దారి పట్టినా ముందు దవడ కింది లింఫ్ గ్రంథిలో సూది పెట్టించి కణాలు తీసి పరీక్ష చేయించండి, చేతికి మామూలుగా తగిలినా సరే. పెరగని గ్రంథుల్లో కూడా నూటికి 40 దాకా మెలనోమా కణాలు దొరికిన సందర్భాలున్నాయి. ఛాతీ ఎక్స్‌రే కూడా అప్పుడే, మూడు కోణాల్లో.

పిల్లుల సంగతి వేరు. వాటికి ఈ గడ్డలు అరుదు, వచ్చినా చర్మం మీద కన్నా కంట్లోనే ఎక్కువ. కంటి మధ్యలోని నల్ల రంధ్రం చుట్టూ రంగున్న భాగం మీద గోధుమ రంగు మచ్చలు పుడతాయి, కొన్ని ఏళ్ల తరబడి మచ్చలుగానే ఉండిపోతాయి, కొన్ని మెల్లగా పరుచుకుని మెలనోమా అవుతాయి. ఇక్కడ ఎంపిక చాలా కష్టం, ఎందుకంటే చూపున్న కన్ను తీయించాలా, ఆగి చూడాలా అన్నది తేల్చాలి. మచ్చ చదునుగా ఉండి, మధ్యలోని నల్ల రంధ్రం ఎప్పటిలా ముడుచుకుని తెరుచుకుంటూ ఉంటే, మూడు నాలుగు నెలలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసి పోల్చుకుంటూ ఆగడం సబబే. మచ్చ ఉబ్బెత్తుగా మారినా, ఆ రంధ్రం ఆకారం వంకర పోయినా, కంటి ఒత్తిడి పెరిగినా ఇంక ఆగొద్దు, గ్లాకోమా (ఆ ఒత్తిడి జబ్బు) వచ్చాక తీసిన పిల్లుల కన్నా ముందే తీసినవి బాగా బతుకుతాయి. కుక్క కంట్లో వచ్చే నల్ల గడ్డలు మాత్రం ఎక్కువగా హాని చేయనివే, కాబట్టి పిల్లి గురించి చదివి కుక్క కన్ను తీయించేయకండి.

తెల్ల గుర్రాలున్నవాళ్లకు ఒక మాట. ముదురు రంగులో పుట్టి వయసుతో తెల్లబడే గుర్రాల్లో ఎస్‌టీఎక్స్17 అనే జన్యువులో ఒక ముక్క రెండుసార్లు రాసి ఉంటుంది, ఈ సంగతి 2008లో బయటపడింది. జుట్టు నెరవడానికీ, మెలనోమా రావడానికీ అదే కారణం. 15 ఏళ్లు దాటిన అలాంటి గుర్రాల్లో నూటికి 80 దాకా తోక కిందో, మలద్వారం చుట్టూనో, చెవి కింది లాలాజల గ్రంథి దగ్గరో ఈ గడ్డలు కనబడతాయి. చాలా ఏళ్లు మెల్లగా పెరుగుతాయి కాబట్టి వాటిని కదపొద్దని పాతకాలం సలహా. నేను దాంతో ఒప్పుకోను. చిన్నగా ఉన్నప్పుడు తీసేయడం తేలిక, తోక కింద ద్రాక్షగుత్తిలా పెరిగి పేడ వేయడానికే అడ్డం పడేదాకా ఆగితే అప్పుడు ఏ సర్జన్ కూడా పూర్తిగా తీయలేడు. కత్తి పెట్టలేని చోట గడ్డలోకే సిస్‌ప్లాటిన్ మందు ఎక్కించే పద్ధతి ఉంది. సిమెటిడిన్ అనే కడుపు మంట మాత్రల గురించి కూడా వింటారు, ఫలితాలు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట లేవు, దాని మీద కాలం వృథా చేయకండి.

నరాలవి: పుర్రె లోపల ఒకటి, కాలిలో ఒకటి, చర్మం కింద ఒకటి

నరాల గడ్డ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ చోటును బట్టి ఇవి మూడు వేర్వేరు సమస్యలు.

మెదడులోదైతే గడ్డ కనబడదు, దాని పని కనబడుతుంది. ఐదారేళ్లు దాటిన కుక్కకు ఎప్పుడూ లేనిది ఫిట్స్ వచ్చినా, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతున్నా, తల గోడకు ఆనించి నిలబడుతున్నా, తెలిసిన మనుషుల్ని కరిచే స్వభావం కొత్తగా వచ్చినా మెదడు స్కాన్ గురించి ఆలోచించాలి. సీటీ, ఎమ్ఆర్ఐ రెండిట్లో కుదిరితే ఎమ్ఆర్ఐ. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమా రంగు మందు ఎక్కించిన సీటీలో కూడా తరచూ దొరుకుతుంది గానీ, మెదడు కణజాలంలోనే పుట్టే గ్లయోమా సీటీలో తప్పించుకునే అవకాశం ఎక్కువ.

పిల్లికి మెనింజియోమా వస్తే, వయసు పన్నెండైనా సరే, నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. పిల్లుల్లో అది చుట్టూ అంచు తేలి, మెదడును పక్కకు నొక్కుతూ ఉంటుందే తప్ప లోపలికి పెద్దగా పాకదు, చేయి తిరిగిన సర్జన్ దాన్ని ఒలిచినట్టు తీయగలడు, తర్వాత రెండేళ్లో అంతకు మించో హాయిగా గడిపిన పిల్లులు చాలా ఉన్నాయి. కొన్నిసార్లు ఒకటి కాదు, రెండు మూడు గడ్డలు ఒకేసారి ఉంటాయి కాబట్టి స్కాన్ మొత్తం తల చూడాలి. అదే మెనింజియోమా కుక్కలో అంత మర్యాదగా ఉండదు, మెదడు మడతల్లోకి చొచ్చుకుపోతుంది, ఆపరేషన్ ఒక్కటే చేస్తే కొన్ని నెలల్లో మళ్లీ లేస్తుంది. రేడియేషన్ కలిపితే ఏడాది దాటి గడిచే అవకాశం బాగా పెరుగుతుంది. చేరడానికి కష్టమైన చోట ఉంటే రేడియేషన్ ఒక్కటే చేయించడం కూడా మంచి ఎంపికే.

గ్లయోమాలు పొట్టి ముక్కు జాతుల్లో ఎక్కువ, బాక్సర్, బోస్టన్ టెర్రియర్, బుల్‌డాగ్‌లు. అంచే ఉండదు కాబట్టి పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం, ఇక్కడ నేను కత్తి కన్నా రేడియేషన్‌నే ఎంచుకుంటాను. ఇవేవీ కుదరకపోతే స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో కుక్క పాత కుక్కలా అయిపోతుంది, ఇంక నయమైందని మనసు చెబుతుంది. తగ్గింది గడ్డ చుట్టూ ఉన్న వాపు మాత్రమే. ఆ మంచి రోజులు వారాల్లోనో, కొద్ది నెలల్లోనో లెక్కించాలి. ఆ దారి ఎంచుకోవడం తప్పేమీ కాదు, కానీ తెలిసి ఎంచుకోవాలి.

రెండో చోటు, ముందు కాలి నరాల గుత్తి, చంక లోపల. ఈ ఒక్క పేరా కోసమే ఇదంతా రాసినా పర్లేదనిపిస్తుంది నాకు, ఎందుకంటే నెలల తరబడి దొరక్కుండా పోయే గడ్డ ఇదే. కుక్క ముందు కాలు కుంటుతుంది, నొప్పి మాత్రలు వేస్తే కాస్త తగ్గినట్టుంటుంది, మళ్లీ మొదలు, కీలు అరిగిందంటారు, కండరం పట్టిందంటారు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, ఈలోగా భుజం కండ చిక్కిపోయి ఎముక చేతికి తగులుతుంది. కుంటుతో పాటు కండ అంత వేగంగా కరిగిపోతుంటే, చంకలో లోతుగా నొక్కినప్పుడు అరుస్తుంటే, ఎమ్ఆర్ఐ అడగండి. గడ్డ వెన్నుపాముకు ఎంత దూరంగా ఉంటే అంత మేలు. కాలు తీసేయాల్సి రావచ్చు, అయినా నొప్పి పోతుంది, మూడు కాళ్లతో కుక్కలు బాగానే పరుగెత్తుతాయి. అదే గడ్డ నరం వేరు వెంబడి వెన్ను కాలువలోకి పాకాక కాలు తీసినా తిరిగి వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

మూడోది చర్మం కింద వచ్చే నరం పొర గడ్డ. దీన్ని మెత్తటి కణజాల సార్కోమాల (కండ, కొవ్వు, నరం వంటి వాటిలో పుట్టే క్యాన్సర్ల) గుంపులో కలిపే చూస్తారు. పైన తొడుగులాంటి పొర ఉన్నట్టు కనిపిస్తుంది, అందులోంచి గింజ ఊడదీసినట్టు బయటికి వస్తుంది, సర్జన్‌కూ మనకూ సంతోషం. కానీ ఆ తొడుగు కూడా గడ్డ కణాలే, అవి అక్కడే ఉండిపోయి మళ్లీ పెరుగుతాయి. అందుకని మొదటి ఆపరేషన్‌లోనే చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి కణజాలం, అడుగున ఒక గట్టి పొర కలిపి తీయడం ఉత్తమం. రిపోర్టులో గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే అంకె) ఒకటి అని వస్తే దూరానికి పాకే ప్రమాదం తక్కువ, పదమూడేళ్ల కుక్కకు కాలి కింది భాగంలో వస్తే చిన్నగా తీయించి, కనిపెట్టుకుని ఉండటం కూడా న్యాయమైన ఎంపికే. గ్రేడ్ మూడు అంటే పాకే అవకాశం గణనీయంగా ఎక్కువ, అక్కడ సరిపెట్టుకోవడం కుదరదు.

పశువుల్లో గుండె నరాల మీదా, ముందు కాలి నరాల గుత్తి మీదా ఇలాంటి గడ్డలు వస్తాయి గానీ ఎక్కువగా మాంసం కోసం కోశాకే బయటపడతాయి, వైద్యం అన్న మాట రాదు. కోళ్లలో నరాలు తాళ్లలా ఉబ్బి కాళ్లు చచ్చుబడితే దాన్ని నరాల ట్యూమర్ అనుకుంటారు, అది మారెక్స్ జబ్బు, హెర్పిస్ వైరస్ వల్ల తెల్ల రక్తకణాలు నరాల్లోకి చేరి చేసే పని. దానికి మందు లేదు, పిల్ల పొదగగానే వేసే టీకాయే రక్షణ. ఇంకో తికమక, మూడేళ్ల లోపు కుక్కకు వెనక కాళ్లు చచ్చుబడి, ఛాతీ వెన్ను చివర స్కాన్‌లో గడ్డ కనిపిస్తే, అది నరాలది కాకుండా పిండ దశలోని కిడ్నీ కణాల నుంచి మిగిలిపోయిన నెఫ్రోబ్లాస్టోమా కావచ్చు, జర్మన్ షెపర్డ్‌లలో ముఖ్యంగా.

మిశ్రమ గడ్డలు

ఆడకుక్కల పాల గ్రంథుల్లో ఎక్కువగా కనబడేవి ఇవి. పాల నాళాల పొర కణాలు, వాటిని పిండే కండర స్వభావపు కణాలు, మధ్యలో మృదులాస్థి, కొన్నిసార్లు నిజమైన ఎముక, అన్నీ ఒకే గడ్డలో. చేతికి రాయిలా తగులుతుంది. రాయిలా ఉంది కాబట్టి క్యాన్సరే అనుకుని ఏడ్చేవాళ్లను చూశాను, ఆ గట్టిదనం చాలాసార్లు ఎముకదే, గడ్డ హాని చేయనిదే.

పేరు దగ్గర జాగ్రత్త. రిపోర్టులో బినైన్ మిక్స్‌డ్ ట్యూమర్ అంటే హాని లేనిది. మిక్స్‌డ్ ట్యూమర్‌లో కార్సినోమా అంటే అందులో ఒక భాగం క్యాన్సర్‌గా మారింది, అయినా మామూలు కార్సినోమాల కన్నా ఇవి మెరుగ్గా నడుస్తాయి. కార్సినోసార్కోమా అంటే పొర కణాలూ, ఎముక, మృదులాస్థి వంటి వాటి కణాలూ రెండూ చెడినవి, ఇది అరుదు, చాలా ప్రమాదకరం. మూడు పేర్లూ ఒకేలా వినబడతాయి, ఫోన్లో విని నిర్ణయం తీసుకోకండి, రిపోర్టు కాగితం చేతికి తీసుకుని చదవండి.

సూది పరీక్ష ఇక్కడ పెద్దగా సాయం చేయదు. గడ్డలో ఒక మూల మంచిది, ఇంకో మూల చెడ్డది ఉండొచ్చు, సూది ఎక్కడ దిగిందన్నదే జవాబవుతుంది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీసి, గడ్డ మొత్తం తీయించి, అంతా పరీక్షకు పంపడం మేలు. కుక్కల్లో ఎంత మేర తీయాలన్నది గడ్డను బట్టి: చిన్నదీ కదిలేదీ అయితే ఆ గ్రంథి వరకు చాలు, పెద్దదైనా, పక్కపక్కనే రెండు మూడు ఉన్నా ఆ వరుసలో కొంత భాగం. శుభ్రంగా అంచులు వస్తే వరుస మొత్తం తీసినందువల్ల కుక్క ఎక్కువ కాలం బతుకుతుందని రుజువు కాలేదు. 3 సెంటీమీటర్ల లోపే తీయించుకుంటే ఫలితం చాలా బాగుంటుంది, హాని చేయనిదని తెలిసినా ఏళ్ల తరబడి వదిలేస్తే మారిపోగలదు కాబట్టి నేనైతే ఆగను.

పిల్లి విషయంలో ఇదంతా మరచిపోండి. పిల్లి పాల గ్రంథుల గడ్డల్లో నూటికి 85 పైగా ప్రాణాంతకమైనవే, అక్కడ ఆ వైపు వరుస మొత్తం తీయించడమే సరైన ఎంపిక, గడ్డ శనగగింజంత ఉన్నా.

తీయకూడని సందర్భం కూడా ఒకటుంది. గ్రంథులన్నీ ఎర్రగా, వేడిగా, చెక్కలా బిగుసుకుని, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే అది పాల వాపు కావచ్చు, వాపు రూపంలో వచ్చే కార్సినోమా కూడా కావచ్చు. రెండోదైతే కోసిన గాయం మానదు, నొప్పి తగ్గించే మందులే దారి.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మొదటి ఎదకు ముందే చేస్తే ఈ గడ్డల ముప్పు 0.5 శాతం, మొదటి ఎద తర్వాత 8, రెండో దాని తర్వాత 26 అని 1969లో వచ్చిన లెక్క ఇప్పటికీ అందరూ చెబుతారు. ఆ అంకెలు అంత గట్టివి కావని తర్వాత విమర్శలు వచ్చాయి, పెద్ద జాతి కుక్కల్లో మరీ చిన్న వయసులో చేస్తే కీళ్ల సమస్యలూ ఉన్నాయి, కాబట్టి మీ కుక్క జాతిని బట్టి మాట్లాడుకుని తేల్చుకోండి.

వృషణాల్లో, అండాశయాల్లో వచ్చే టెరటోమాలు కూడా కలగాపులగపు గడ్డలే, వెంట్రుకలు, ఎముక, పళ్లు కూడా ఉంటాయి. వృషణం కిందికి దిగని గుర్రాల్లో ఇవి కనబడతాయి, ఎక్కువగా హాని లేనివి, తీసేస్తే సరిపోతుంది.

ఒక్క పరీక్షకే వీలుంటే

స్కాన్లు, జన్యు పరీక్షలు, స్పెషలిస్టులు అందరికీ అందవు. ఒక్కదానికే వీలుంటే, చర్మం మీద, నోట్లో, పాల గ్రంథుల్లో వచ్చిన ఏ గడ్డకైనా నేను చేయించేది కణజాల పరీక్షే. గడ్డ తీసి పారేసే ఆపరేషన్ సగం వైద్యమే, ఏం తీశారో తెలియకపోతే తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేరు. మొత్తం గడ్డను దానికి పది రెట్లు ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేసి పంపమని అడగండి, అంచులు ఇంకుతో గుర్తు పెట్టమనండి, ఫారం మీద జంతువు వయసు, జాతి, గడ్డ ఖచ్చితంగా ఎక్కడ ఉండేదో రాయించండి. చోటు రాయకుండా పంపిన నల్ల గడ్డ మీద పాథాలజిస్ట్ సగం మాటే చెప్పగలరు. రంగు మరీ దట్టంగా ఉండి కణాల కేంద్రకాలు కనబడకపోతే రంగు వెలిసేలా చేసి మళ్లీ చూడమని, రంగే లేని నోటి గడ్డ అయితే మెలన్-ఏ, పీఎన్ఎల్2 వంటి ప్రత్యేక రంగు పరీక్షలు చేయమని మీరే అడగొచ్చు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రిపోర్టులో అంచులు శుభ్రంగా ఉన్నాయా, విభజన దశలో ఎన్ని కణాలు కనబడ్డాయి అన్న రెండు ముక్కలూ లేకపోతే ఫోన్ చేసి రాయించుకోండి, తర్వాత చూసే డాక్టర్ మొదట వెతికేది అవే.